రెటీనా ఫొటో తీశాక ఏం జరుగుతోంది?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. కృత్రిమ మేధ సాయంతో రెటీనా జబ్బులను క్షణాల్లో పసిగట్టే పరికరాల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన కథనం చదివాను. కష్టమైన విషయాన్ని తేలిక మాటల్లో చెప్పిన ఆ విలేకరికి నా అభినందనలు. అయితే ఆ కథనం ఫొటో తీసి జబ్బు ఉందో లేదో తేల్చడం దగ్గరే ఆగిపోయింది. ఒక కంటి ఆసుపత్రి రెటీనా విభాగంలో పంతొమ్మిదేళ్లుగా ఆ ఫొటోలు తీసే పనిలోనే ఉన్నదాన్ని కాబట్టి, అసలు చిక్కు మొదలయ్యేది ఆ తర్వాతేనని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. జబ్బు బయటపడక చూపు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. జబ్బు బయటపడి, దానికి వైద్యం ఉండి, ఆ సంగతి రాసిన కాగితం చేతిలో ఉండి కూడా చూపు పోగొట్టుకున్నవాళ్లను అంతకంటే ఎక్కువగా చూశాను. ఉత్తరం కొంచెం పొడవైంది, మన్నించి పూర్తిగా ప్రచురించగలరు.

రెటీనా అంటే కంటి వెనక గోడకు లోపలివైపు పరుచుకుని ఉండే నాడీకణజాలం. మందం సుమారు పావు మిల్లీమీటరు. కంట్లోకి వచ్చిన వెలుగును సంకేతాలుగా మార్చి మెదడుకు పంపేది అదే. మనలో చాలామందికి కంటి విషయంలో ‘పొర’ అనగానే శుక్లం గుర్తొస్తుంది. అందుకే రెటీనాను ‘కంటి వెనక పొర’ అని వివరించిన ప్రతిసారీ, ‘అయితే ఆ పొర తీసేయండి, ఆపరేషన్‌కు సిద్ధంగానే ఉన్నాం’ అనేవాళ్లు ఎదురవుతారు. శుక్లం ముదిరితే దాన్ని తీసి కృత్రిమ కటకం పెడతారు, చూపు తిరిగి వస్తుంది. రెటీనాను తీసి మరొకటి పెట్టే వైద్యం లేదు. అందులో చచ్చిపోయిన కణాలు తిరిగి మొలవవు. ఈ తేడా తెలియకపోవడం వల్ల ‘ముదరనిద్దాం, అప్పుడు చూసుకుందాం’ అని శుక్లానికి పెట్టుకునే లెక్కనే రెటీనా జబ్బుకూ పెట్టుకుంటున్నారు.

దానికి తోడు ఈ జబ్బుల్లో చాలావాటికి నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, నీరు కారదు. అక్షరాల పట్టికలో చిట్టచివరి వరస చదవడానికి కావలసింది రెటీనా నడుమ ఉండే మాక్యులా అనే చిన్న చోటు, అందులోనూ దాని నడిబొడ్డు మాత్రమే. చుట్టూ ఉన్న రెటీనా అంతటా రక్తనాళాలు చెడిపోతున్నా, ఆ చిన్న చోటు బాగున్నంత కాలం మనిషి 6/6, అంటే పూర్తి చూపుతో పట్టిక చదువుతూనే ఉంటాడు. 1851లో జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్స్ తాను తయారుచేసిన ఆఫ్తల్మోస్కోపును లోకానికి తెలియజేసేదాకా, బతికున్న మనిషి కంటి లోపలి గోడను స్పష్టంగా చూసే సాధనమే వైద్యులకు లేదు. ఇప్పుడు ఫండస్ కెమెరా ఒక్క మెరుపుతో ఆ గోడ రంగుల బొమ్మను ఇస్తుంది. 1991లో వెలుగులోకి వచ్చిన ఓసీటీ స్కాన్ రెటీనా పొరలను కోయకుండానే కోసి చూపినట్టు, మైక్రాన్ల లెక్కన కొలిచి చూపిస్తుంది. అంటే చూడగలగడం అనే సమస్య చాలావరకు తీరింది. ఆ చూసినదాన్ని రోగికి అందేలా, అర్థమయ్యేలా, తిరిగి రప్పించేలా చేయడంలో మాత్రం మేము చాలా వెనకబడ్డాం.

నేను మరచిపోలేని రెండు ఫొటోలు ఉన్నాయి. రెండూ ఒకే మనిషి కుడికంటివి, వాటి మధ్య పద్నాలుగు నెలల ఎడం. ఆయన బడిలో లెక్కలు చెప్పేవారు, మధుమేహం వచ్చి పదకొండేళ్లు దాటింది. అంతకుముందు ఒక్కసారి కూడా కంటిపాప విప్పారే చుక్కల మందు వేయించుకుని కంటి పరీక్ష చేయించుకోలేదు. కళ్లజోడు మార్పించుకుందామని వచ్చారు. చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టాక, చీకటి గదిలో గడ్డం పీట మీద ఆనించి, నుదురు పట్టీకి తగిలించమని, ‘ఆ పచ్చ దీపాన్నే చూడండి, రెప్ప వేయకండి’ అన్నాను. తెర మీదకు వచ్చిన బొమ్మలో నారింజ ఎరుపు నేల మీద సూదిమొనలంత ఎర్రటి చుక్కలు ఉన్నాయి. సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడి ఉబ్బితే అలా కనిపిస్తాయి. అక్కడక్కడా రక్తపు మరకలు, నాళాల నుంచి కారి పేరుకున్న కొవ్వు పసుపు తునకలు. సిరలు పూసల దండలా ఒకచోట ఉబ్బి ఒకచోట సన్నబడ్డాయి. అన్నిటికంటే భయపెట్టింది, కంటి నరం మొదలయ్యే పసుపు బిళ్ల మీద చిక్కుపడ్డ దారంలా పుట్టుకొచ్చిన కొత్త నాళాలు. రక్తం అందని రెటీనా వీఈజీఎఫ్ అనే మాంసకృత్తును విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో మొలిచే ఈ నాళాలకు గోడల బలం ఉండదు. అవి చిట్లితే కంటి లోపలి జెల్లీ అంతా రక్తంతో నిండుతుంది, మచ్చకట్టి కుంచించుకుపోతే రెటీనాను గోడ నుంచి లాగేస్తాయి.

అంత జబ్బు ఉన్న ఆ కంటితో ఆయన పట్టికలో చివరి వరస దాకా తడుముకోకుండా చదివారు. రెండు కళ్లకూ లేజర్ చేయాలని, వారంలోగా రావాలని డాక్టరుగారు చీటీ రాశారు. అది ఇంగ్లిష్‌లో, పొడి అక్షరాల్లో ఉంది. ఆ పూట రద్దీ ఎక్కువగా ఉండటంతో ఆయనకు విషయం చెప్పే పని నా మీద పడింది. ‘షుగరు ప్రభావం కంటి వెనక కనిపిస్తోంది, లేజర్ చేయించుకోవాలి’ అన్నాను. ‘చూపు బాగానే ఉందిగా?’ అని అడిగారు. ‘ఇప్పటికి బాగానే ఉంది’ అన్నాను. నేను చెప్పిన మాటలన్నిటిలో ఆ చివరి మాట ఒక్కటే ఆయన ఇంటికి పట్టుకెళ్లారు.

మళ్లీ వచ్చినప్పుడు భార్య చెయ్యి పట్టుకుని వచ్చారు. కుడికంటికి ఫొటో తీస్తే తెర మీద ముదురు ఎరుపు చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. అల్ట్రాసౌండ్ చేస్తే వెనకాల రెటీనా లాగబడి ఉందని తెలిసింది. చొక్కా జేబులోంచి ఆయన పాత చీటీ తీశారు. మడత మీద మడత పెట్టినది, మడతల దగ్గర చిరిగి ఉంది. ‘మళ్లీ వచ్చేటప్పుడు ఇది తెమ్మన్నారు కదమ్మా’ అన్నారు. విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జెల్లీని తీసే ఆపరేషన్, జరిగాక కూడా ఆ కంటికి ఎదుట పెట్టిన వేళ్లు లెక్కపెట్టేంత చూపు మాత్రమే మిగిలింది. ఎడమకన్ను లేజర్‌తో నిలిచింది.

ఇది ఆయన నిర్లక్ష్యమని మా దగ్గర కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. ఆ చీటీని పద్నాలుగు నెలలు భద్రంగా దాచుకున్న మనిషిని నిర్లక్ష్యపరుడని ఎలా అంటాం? ఆయనకు ఆ వారం గడువు ఎందుకో తెలియదు, గడువు దాటితే ఏమవుతుందో తెలియదు. ఆయన రాలేదని గమనించే బాధ్యత మాలో ఎవరికీ అప్పగించి లేదు. వారం తర్వాత ఒక్క ఫోను చేసి ఉంటే వచ్చేవారని నా గట్టి నమ్మకం. ఈ ఉత్తరానికి కారణం ఆ చేయని ఫోను.

తిరిగి రాకపోవడానికి ఉన్న కారణాలు ఒక్కొక్కటీ చూస్తే చిన్నవే. చుక్కలు వేశాక నాలుగైదు గంటలపాటు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది, బండి నడపకూడదు. అంటే ఒక రోజు పని పోవాలి, తోడుగా వచ్చేవారి పని కూడా పోవాలి. ఈ సంగతి ముందే చెప్పకుండా, ఒంటరిగా వచ్చిన మనిషిని ‘రేపు ఎవరినైనా వెంటబెట్టుకుని రండి’ అని పంపేస్తే ఆ రేపు చాలామందికి రాదు. షుగరు చూసే డాక్టరుకు కంటి నివేదిక చేరదు. కంటి డాక్టరుకు రోగి బీపీ ఎంతో, మూత్రపిండాల స్థితి ఏమిటో తెలియదు. వాళ్లిద్దరి మధ్య కబురు మోసే పని రోగి మీద పడుతుంది. ‘మైల్డ్’ అన్న మాట ఇంకొకటి. వైద్యులు దాన్ని జబ్బు తొలి దశకు పేరుగా వాడతారు. రోగి చెవికి అది ‘పట్టించుకోనక్కరలేదు’ అని వినిపిస్తుంది. ‘ఏమన్నా తేడా అనిపిస్తే రండి’ అన్న వీడ్కోలు మాట మరీ ప్రమాదకరం. తేడా తెలియకుండా పెరగడమే ఈ జబ్బు స్వభావం అయినప్పుడు, తేడా తెలిసేదాకా ఆగమని మనమే చెబుతున్నట్టవుతుంది.

వైద్యం మొదలుపెట్టాక మానేసేవాళ్ల సంగతి ఇంకా లోతుగా ఆలోచించవలసినది. రెటీనా అంచుల దాకా లేజర్ వేయడం వల్ల తీవ్రమైన చూపునష్టం సగానికి పైగా తగ్గుతుందని 1970లలో అమెరికాలో మధుమేహ రెటీనా జబ్బు (రెటినోపతీ) మీద జరిగిన డయాబెటిక్ రెటినోపతీ స్టడీ నిరూపించింది. రక్తం అందక అల్లాడుతున్న అంచు భాగాన్ని చిన్న చిన్న మచ్చలుగా కాల్చడం వల్ల రెటీనాకు ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది, వీఈజీఎఫ్ ఉత్పత్తి తగ్గుతుంది, కొత్త నాళాలు ఎండిపోతాయి. కానీ దాని వల్ల చూపు పెరగదు. కొందరికి చీకట్లో చూపు, పక్కచూపు కొంత తగ్గుతాయి కూడా. ఈ మాట ముందే చెప్పకపోతే, ‘లేజర్ వేయించాక చూపేమీ బాగుపడలేదు, పైగా తగ్గింది’ అనుకుని రోగి రెండో విడతకు రాడు. తనవాళ్లకు కూడా వద్దని చెబుతాడు. ఉన్న చూపును నిలబెట్టడానికి చేసే వైద్యం అని మొదటి రోజే, ఇంట్లోవాళ్ల ఎదుట చెప్పిన చోట ఈ అపోహ చాలావరకు రాదు.

వీఈజీఎఫ్‌ను అడ్డుకునేందుకు కంట్లోకి ఇచ్చే యాంటీ-వీఈజీఎఫ్ ఇంజెక్షన్లు రెటీనా వైద్యాన్ని మార్చేశాయి. వయసుతో వచ్చే మాక్యులా క్షీణతలో తడి రకానికి, అంటే కొత్త నాళాలు పుట్టి కారే రకానికి, 2006లో అమెరికాలో రానిబిజుమాబ్ అనే ఇలాంటి మందు అనుమతి పొందేదాకా, ఆ జబ్బు వచ్చిన కంటికి నడిచూపు పోవడం దాదాపు ఖాయం. ఇప్పుడు ఎక్కువమందిలో ఉన్న చూపు నిలుస్తుంది, కొందరిలో మెరుగవుతుంది. మధుమేహం వల్ల మాక్యులా ఉబ్బినప్పుడు కూడా ఇవే ఆధారం. ‘కంట్లో సూది’ అనగానే వణికేవాళ్లకు నేను జరిగేది జరిగినట్టు చెబుతాను. ముందు తిమ్మిరి చుక్కలు వేస్తారు, అయోడిన్ ద్రావణంతో శుభ్రం చేస్తారు, రెప్ప మూతపడకుండా చిన్న క్లిప్పు పెడతారు. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డు గుండా ఒక చుక్కంత మందు, అంటే 0.05 మిల్లీలీటరు, పంపుతారు. సూది లోపల ఉండేది కొన్ని సెకన్లు మాత్రమే. లోపల సూక్ష్మజీవులు చేరే ప్రమాదం కొన్ని వేల ఇంజెక్షన్లలో ఒకటి రెండు సార్లకు మించదు. కానీ ఆ తర్వాతి రోజుల్లో నొప్పి పెరుగుతున్నా, ఎరుపు పెరుగుతున్నా, చూపు మందగిస్తున్నా ఆ రోజే రావాలి.

ఈ మందు ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది. అందుకే మళ్లీ మళ్లీ ఇవ్వాలి, మొదట్లో నెలనెలా, తర్వాత స్కాన్ చూసి ఎడం పెంచుతూ పోవాలి. మూడు ఇంజెక్షన్లయ్యాక చూపు తేటపడి, ‘ఇక చాలు’ అనుకుని మానేసినవాళ్లు ఆరు నెలలకు మచ్చకట్టిన మాక్యులాతో తిరిగివస్తారు. కొత్త నాళాలు పుట్టిన మధుమేహ రెటినోపతీలో ఇంజెక్షన్లు లేజర్‌కు తీసిపోవని 2015లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. అయితే ఆ అధ్యయనంలో పాల్గొన్నవాళ్లు క్రమం తప్పకుండా రావడానికి అన్ని ఏర్పాట్లూ ఉన్నాయి. మామూలు ఆసుపత్రుల్లో, వైద్యం మధ్యలో నెలల తరబడి రాకుండాపోయినవాళ్లను పరిశీలిస్తే, లేజర్ చేయించుకున్నవాళ్ల కంటే ఇంజెక్షన్లు మాత్రమే తీసుకున్నవాళ్ల కళ్లు ఎక్కువగా దెబ్బతిన్నాయని తర్వాతి పరిశోధనలు చూపాయి. ఇంజెక్షన్ ఆగితే రక్షణ ఆగుతుంది, లేజర్ చేసిన పని మిగిలి ఉంటుంది. కాబట్టి ఏ వైద్యం మంచిదో నిర్ణయించేటప్పుడు ఈ మనిషి మళ్లీ రాగలడా, ఎవరు తీసుకొస్తారు, పని మానుకోగలడా అన్న ప్రశ్నలు కంటి స్కాన్ అంత ముఖ్యమైనవి. వాటిని అడిగి, జవాబులు కేసుషీటులో రాసే వైద్యులను నేను ఎరుగుదును, వారి పట్ల నాకు అమితమైన గౌరవం. కానీ అది వైద్యుడి మంచితనం మీద ఆధారపడకూడదు, కేసుషీటులోనే దానికొక గడి ఉండాలి.

ఇక షుగరు, బీపీల అదుపు సంగతి అందరూ రాస్తున్నదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. టైప్ 1 మధుమేహం ఉన్నవారిలో గ్లూకోజును కట్టుదిట్టంగా అదుపు చేస్తే రెటినోపతీ కొత్తగా వచ్చే ముప్పు 76 శాతం, ఉన్నది ముదిరే ముప్పు 54 శాతం తగ్గినట్టు 1993లో డీసీసీటీ అధ్యయనం చూపింది. టైప్ 2లో బీపీని గట్టిగా అదుపు చేస్తే ముదరడం 34 శాతం తగ్గినట్టు 1998లో బ్రిటన్‌కు చెందిన యూకేపీడీఎస్ అధ్యయనం చూపింది. తక్కువగా చెప్పుకునే విషయం ఒకటుంది. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగరును ఒక్కసారిగా బాగా తగ్గించినప్పుడు మొదటి నెలల్లో కొందరికి రెటినోపతీ తాత్కాలికంగా ముదురుతుంది. అదుపు మానుకోవాలని దీని అర్థం కాదు. మందులు పెంచే ముందు కంటి పరీక్ష జరగాలని అర్థం. మధుమేహం ఉన్న స్త్రీ గర్భం దాల్చినప్పుడు కూడా అంతే. మొదటి మూడు నెలల్లోనే రెటీనా చూపించుకోవాలి. టైప్ 2 ఉన్నవారికి మధుమేహం బయటపడినప్పుడే, టైప్ 1 ఉన్నవారికి అది వచ్చిన ఐదేళ్లలోపు తొలి పరీక్ష, ఆ తర్వాత సాధారణంగా ఏటా ఒకసారి.

వారాలు, నెలలు కాకుండా గంటల్లో చూపు తేలిపోయే జబ్బులూ ఉన్నాయి. అక్కడ కూడా తప్పిపోయేది జబ్బును గుర్తించడం, చేరవలసిన చోటికి చేర్చడం అనే రెండింటి మధ్యనే. కంటి పక్కన మెరుపులు మెరిసినట్టు, ఉన్నట్టుండి నల్లటి నలకలు గుంపులుగా తేలినట్టు, ఒక పక్క నుంచి తెర దిగుతున్నట్టు అనిపిస్తే రెటీనా చిరిగిందేమో, ఊడుతోందేమో అని అనుమానించాలి. చిరుగు దశలో ఉంటే లేజర్‌తో చుట్టూ అతికించవచ్చు. ఊడటం మొదలై మాక్యులా ఇంకా అంటుకుని ఉంటే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి నడిచూపును కాపాడవచ్చు. ఇలాంటి మనిషి ఆసుపత్రికి ఫోను చేసినప్పుడు మొదట మాట్లాడేది వైద్యుడు కాదు, అపాయింట్‌మెంట్లు ఇచ్చే అమ్మాయి. ‘కంట్లో నలకలు కనిపిస్తున్నాయండీ’ అంటే ‘వచ్చే గురువారం రండి’ అని ఆ అమ్మాయి మర్యాదగానే చెబుతుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆమెకు ఎవరూ నేర్పలేదు. మెరుపులు ఉన్నాయా, తెర దిగినట్టు ఉందా, ఎప్పుడు మొదలైంది అన్న మూడు ప్రశ్నలు ఆమె బల్ల మీద రాసి అంటిస్తే చాలు. కొన్ని కళ్లు అక్కడే నిలబడతాయి.

నొప్పి లేకుండా ఒక కంటి చూపు హఠాత్తుగా పోతే అది రెటీనా ధమని మూసుకుపోవడం కావచ్చు. అది కంటికి వచ్చిన పక్షవాతం. మెదడుకు కూడా అదే ముప్పు పొంచి ఉంటుంది. కళ్లజోడు దుకాణానికో, మరునాటి ఉదయానికో వాయిదా వేయకుండా, వెంటనే పక్షవాతానికి వైద్యం చేసే అత్యవసర విభాగానికి వెళ్లాలి. వయసు మళ్లినవారికి తలుపు అంచు, పుస్తకంలో గీత వంకరగా కనిపించడం తడి రకం మాక్యులా క్షీణతకు తొలి గుర్తు కావచ్చు. గళ్ల కాగితాన్ని, ఒక కన్ను మూసి మరో కంటితో చూసుకోమని చెప్పేది అందుకే. రెండు కళ్లూ తెరిచి ఉంటే బాగున్న కన్ను చెడిన కంటి లోపాన్ని కప్పేస్తుంది. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారికి మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా రెటీనా పరీక్ష కావాలి. మందు రాసేది ఒకరు, కన్ను చూసేది ఇంకొకరు కావడంతో ఇది ఎవరికీ గుర్తుండటం లేదు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల సంగతి తలచుకుంటే నాకు నిద్ర పట్టదు. వాళ్ల రెటీనాలో రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరగవు. పుట్టిన నాలుగు వారాల ప్రాంతంలో తొలి పరీక్ష జరగాలి, అవసరమైతే రోజుల్లోనే వైద్యం మొదలవ్వాలి. ఆ నాలుగో వారం వచ్చేసరికి చాలామంది బిడ్డలు బరువు పెరిగి ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. ‘బిడ్డ క్షేమం’ అన్న సంతోషంలో ఉన్న తల్లికి డిశ్చార్జి కాగితంలో ఒక మూల రాసిన తేదీ కనిపించదు. ఇంటికి పంపేముందు ఆ తేదీని ఆమె నోటితోనే చెప్పించాలి.

మీ కథనంలోని యంత్రాల దగ్గరకు మళ్లీ వస్తాను. వైద్యుడి అవసరం లేకుండా తీర్పు చెప్పే మొదటి కృత్రిమ మేధ పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది. దాని పని మధుమేహ రెటినోపతీ తొలి దశ దాటిందా లేదా చెప్పడం వరకే. నిపుణులు లేని చోట అది గొప్ప వరం, దాన్ని నేను మనసారా స్వాగతిస్తున్నాను. కానీ వాడేవారు రెండు సంగతులు మరవకూడదు. మామూలు ఫండస్ ఫొటోలో రెటీనా మొత్తం రాదు, అంచున ఉన్న చిరుగు అందులో కనిపించకపోవచ్చు. శుక్లం ఉన్నా, కంటిపాప చిన్నదిగా ఉన్నా ఫొటో మసకగా వస్తుంది. అలాంటి ఫొటోకు ‘జబ్బు లేదు’ అని రాయకూడదు, ‘చూడలేకపోయాం, నిపుణుడి దగ్గరకు వెళ్లండి’ అని రాయాలి. మసక ఫొటో వచ్చినవాళ్లలోనే జబ్బు దాగి ఉండే అవకాశం ఎక్కువ అని నా అనుభవం.

ఫొటోల తర్వాతి పనిని పద్ధతిగా చేస్తే ఏమవుతుందో ఇంగ్లండ్ చూపించింది. అక్కడ 2003లో మొదలైన జాతీయ కార్యక్రమంలో మధుమేహం ఉన్నవారందరి జాబితా ఉంటుంది. పేరుపేరునా ఉత్తరం వెళ్తుంది, రానివారికి మళ్లీ వెళ్తుంది, జబ్బు కనిపించినవారు నిపుణుడి దగ్గరకు చేరారో లేదో చూస్తారు. పనిచేసే వయసువారిలో అంధత్వ ధ్రువీకరణకు కనీసం ఐదు దశాబ్దాలుగా మొదటి కారణంగా ఉన్న మధుమేహ రెటీనా జబ్బు ఆ స్థానం నుంచి దిగిపోయిందని 2014లో వెలువడిన విశ్లేషణ తెలిపింది. ఆ మార్పుకు ఇతర కారణాలు కూడా ఉండవచ్చు. కానీ ఆ జాబితా, ఆ రెండో ఉత్తరం పాత్ర చిన్నదని నేను అనుకోను.

నేను కోరేది పెద్ద పెట్టుబడి కాదు. రెటీనా ఫొటో తీసే ప్రతి చోటా ఒక రిజిస్టరు ఉండాలి, అందులో రావలసిన తేదీ ఉండాలి, ఆ తేదీన రానివారికి ఫోను చేసే బాధ్యత పేరుతో సహా ఒక మనిషికి అప్పగించాలి. చీటీ రోగి చదవగలిగే భాషలో, గోటి అంత అక్షరాల్లో ఉండాలి. జబ్బు పేరు, చేయవలసిన వైద్యం, తేదీ, ఆ తేదీ దాటితే ఏమవుతుందో ఒక్క వాక్యం. అక్షరాలు రానివారికి ఆ వాక్యాన్ని తోడు వచ్చినవారి చేత చదివించాలి. వైద్యంతో తిరిగిరాని చూపు పోయినవారిని ‘ఇక చేసేదేమీ లేదు’ అని పంపకూడదు. మిగిలిన చూపుతో చదవడం, నడవడం నేర్పే పునరావాస కేంద్రం చిరునామా అదే చీటీ మీద ఉండాలి. మీ పత్రికను కోరేది ఒక్కటే. కొత్త యంత్రం గురించి రాసినప్పుడల్లా, ఆ యంత్రం జబ్బు ఉందని చెప్పినవారిలో ఎంతమంది వైద్యం దాకా చేరారని కూడా ఆ ఆసుపత్రిని అడగండి, వాళ్లు ఇచ్చిన జవాబును అచ్చువేయండి.

లెక్కల మాస్టారు వచ్చి వెళ్లిన తర్వాత నా పనిలో నేను ఒక మార్పు చేసుకున్నాను. ఫొటో తీశాక తెరను రోగి వైపు తిప్పుతున్నాను. ఇది మీ కన్ను, ఈ ఎర్రచుక్కలు ఉండకూడనివి, ఇవి మాక్యులాకు ఇంత దూరంలో ఉన్నాయి అని వేలితో చూపిస్తున్నాను. ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు అదనంగా పడుతుంది. గత వారం ఒక పెద్దావిడ సంచిలోంచి నేను క్రితం ఏడాది అచ్చుతీసి ఇచ్చిన ఫొటోను జాగ్రత్తగా బయటికి తీసి, కొత్త ఫొటో పక్కన పెట్టమని అడిగారు. రెండిటినీ చాలాసేపు చూసి, ‘ఈ మూలన ఉన్న చుక్క నిరుడు లేదు కదమ్మా?’ అన్నారు. నిజమే, లేదు.

భవదీయురాలు,
రెటీనా విభాగంలో పనిచేసే ఒక సాంకేతిక నిపుణురాలు